నువ్వుల నెయ్యి నుండి కొబ్బరినూనెకు: తెలుగువారి తలనూనె చరిత్ర - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
తలకు రాసుకునే నూనె అనగానే నేటి తెలుగు ఇళ్లలో గుర్తుకు వచ్చేది కొబ్బరినూనె. ఇది తరతరాల ఆచారమన్న అభిప్రాయం బలంగా ఉంది. పదాల వ్యుత్పత్తి, వైద్యగ్రంథాలు, శాసనం, వ్యాపారచరిత్ర, సర్వోన్నత న్యాయస్థానం తీర్పు - ఈ భిన్నమైన ఆధారాలను పక్కపక్కన పెట్టి, తెలుగునాట అభ్యంగనానికి నువ్వులనూనె, మెట్టప్రాంతాల నిత్యవాడుకకు ఆముదం ప్రధానంగా ఉండగా, కొబ్బరినూనె ఆ స్థానంలోకి ఎలా వచ్చిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: నూనె, అభ్యంగనం, గానుగ, తెలికులు, ఆముదం, కొబ్బరినూనె, తైలపాకం.

1. పేరులోనే ఉన్న నువ్వు

'కొబ్బరినూనె' అన్న సమాసాన్ని విడదీసి చూస్తే ఒక చిత్రం కనిపిస్తుంది. ప్రాచీన కావ్యభాషలోని 'నూనియ'కు, నేటి 'నూనె'కు మూలం నువ్వు, నెయ్యి అన్న రెండు మాటల కలయిక. 'నెయ్యి' ఇక్కడ ఆవునెయ్యో గేదెనెయ్యో కాదు. జిడ్డుగల ద్రవం అన్న విస్తృతార్థం దానిది. తమిళంలో 'ఎళ్' (నువ్వు), 'నెయ్' కలిసి 'ఎణ్ణెయ్' అయింది. కన్నడ 'ఎణ్ణె' దీనికి సోదరరూపమే. సంస్కృతంలోనూ ఇదే వరుస: తిలల నుండి పుట్టినది తైలం. అంటే దక్షిణాది భాషల్లోనూ, సంస్కృతంలోనూ ఒకే గింజ మొత్తం ఒక పదార్థజాతికి పేరు పెట్టింది. ఆ లెక్కన 'కొబ్బరినూనె' అంటే వ్యుత్పత్తిరీత్యా 'కొబ్బరి నువ్వుల నెయ్యి'. 'నువ్వులనూనె' అన్నప్పుడు నువ్వు రెండుసార్లు వచ్చి చేరుతుంది. వాడుకలో ఎవరికీ ఈ పునరుక్తి వినిపించదు. మూలార్థం పూర్తిగా మరుగునపడితేనే ఇలాంటి పునరుక్తి సాధ్యం. నువ్వుల నుండి వచ్చినదే నూనె అనే దశ ఒకటి ఈ భాషలకు ఉండేదనడానికి ఈ మాటే సాక్ష్యం.

కొబ్బరి పక్షాన ఉన్న మాటలు మరో కథ చెబుతాయి. కోస్తాలో కొబ్బరికాయ, రాయలసీమలో టెంకాయ, గ్రాంథికంలో నారికేళం. టెంకాయలోని మొదటి భాగాన్ని దక్షిణమనే అర్థమున్న 'తెన్'తో ముడిపెట్టి, దక్షిణం నుండి వచ్చిన కాయగా కొందరు భాషావేత్తలు వివరించారు. 'కొబ్బెర' లేదా 'కొబ్బరి' అన్నది మొదట చిప్పలోని పప్పుకు పేరు. తరువాత కాయకు, చెట్టుకు కూడా వ్యాపించింది. మలయాళంలోని 'కొప్పర' పోర్చుగీసువారి ద్వారా యూరప్ భాషలకు చేరి 'కోప్రా'గా ప్రపంచ వాణిజ్యపదమయింది. మలయాళంలో కొబ్బరినూనె పేరు 'వెళిచ్చెణ్ణ'. దీనిలోని పూర్వభాగాన్ని వెలుగు అనే అర్థంతో అన్వయిస్తారు. కేరళదేశంలో కొబ్బరినూనెకు ఒక స్వతంత్రమైన పాతపేరు ఉంది. తెలుగులో దానికి దక్కింది విశేషణం చేర్చిన పేరు మాత్రమే. ఈ భేదం చిన్నది కాదు. నిత్యజీవితంలో లోతుగా పాతుకున్న వస్తువుకు భాష సొంతపేరు పెట్టుకుంటుంది; ఆముదానికి 'నూనె' అన్న మాట చేర్చకుండానే పని జరగడం ఇందుకు దగ్గరి ఉదాహరణ.

2. అభ్యంగనం: శాస్త్రం, ఆచారం

తల అంటుకోవడం కేవలం శుభ్రతకు సంబంధించిన పని కాదు. 'తలంటు'లోని 'అంటు' పూయడం, పట్టించడం అనే అర్థంలో నిలిచిన క్రియ. పీట వేసి, నూనె పట్టించి, సున్నిపిండితో నలుగుపెట్టి, కుంకుడు రసంతోనో శీకాయతోనో తలరుద్దడం అందులోని క్రమం. చరకసంహిత సూత్రస్థానం దినచర్యలో భాగంగా శిరస్సుకు, శరీరానికి తైలం పట్టించడాన్ని విధించింది. స్నేహద్రవ్యాలను చర్చించిన అధ్యాయంలో తైలాలన్నిటిలో తిలతైలానికి అగ్రస్థానం ఇచ్చింది. వాగ్భటుని అష్టాంగహృదయం దినచర్యాధ్యాయంలో అభ్యంగనాన్ని నిత్యకృత్యంగా చెబుతూ తల, చెవులు, పాదాలకు ప్రత్యేకంగా చేయాలన్నది. 12వ శతాబ్ది కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు కూర్చిన మానసోల్లాసంలో స్నానం ఒక రాజభోగంగానే వర్ణితమైంది.

నూనె తగలని తలకు కూడా అర్థం ఉంది. మనుస్మృతి బ్రహ్మచారికి అభ్యంగనాన్ని నిషేధించింది. మైలదినాలలో తలకు నూనె పెట్టరు. కాళిదాసు మేఘసందేశంలోని యక్షపత్ని కురులు ఉత్త నీటి స్నానాలతో గరుకెక్కి ఉంటాయి. విరహానికి అది గుర్తు. తెలుగు వాడుకలో 'తలకు నూనె లేక' అన్నప్పుడు వినిపించేది లేమి. నూనె సౌందర్యసాధనం కావడానికి చాలాముందే సామాజికస్థితిని చెప్పే చిహ్నం.

నరకచతుర్దశి, ఉగాది అభ్యంగనాలకు నేటికీ నువ్వులనూనెనే విధిగా వాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. దీపావళి నాడు తైలంలో లక్ష్మి, జలంలో గంగ నివసిస్తారన్న నమ్మకంలోని తైలం కూడా తిలతైలమే. ఈ గౌరవం శాస్త్రగ్రంథాలు చదివిన వర్గాలకు పరిమితం కాదు. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్‌లో పుష్యమాసంలో జరిగే ఖాందేవ్ జాతరలో తొడసం వంశపు ఆడపడుచు నువ్వులనూనె తాగి మొక్కు చెల్లించే ఆచారం గోండుల మధ్య కొనసాగుతున్నది. తలకు రాయడం, దీపంలో పోయడం, దానమివ్వడం, తాగడం - ఈ నాలుగింటిలోనూ నువ్వు కనిపిస్తుంది. కొబ్బరికాయకు పూజలో ఉన్న స్థానం తక్కువది కాదు. అయితే అక్కడ అది కొట్టే కాయ, నివేదించే చిప్ప. తెలుగునాట కర్మకాండలో దాని నూనెకు అంతటి ప్రవేశం లేదు.

3. గానుగ ఆడించినవారు

నూనె చరిత్రను వైద్యగ్రంథాల నుండి మాత్రమే రాస్తే అందులో మనుషులు ఉండరు. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949)లో చూపిన మార్గం ఈ సందర్భంలో గుర్తుంచుకోదగినది: రాజుల వరుసను పక్కనపెట్టి తిండి, బట్ట, వృత్తి ఆధారంగా గతాన్ని చూడటం. తెలుగునాట నూనె తీసే వృత్తికి తెలికులు, గాండ్లవారు ప్రతినిధులు. 11వ శతాబ్ది చివర వేంగిని పాలించిన రాజరాజ చోడగంగుని టేకి తామ్రశాసనాలు విజయవాడకు చెందిన వేయి కుటుంబాల తెలికి వంశంవారికి ఇచ్చిన మర్యాదలను నమోదు చేశాయి. పెళ్లి ఊరేగింపు వంటి సందర్భాలలోని గౌరవాలకు రాజశాసనం అవసరమైందంటే, ఆ సమూహానికి అప్పటికే గణనీయమైన బలం, రాజకుటుంబంతో సేవాసంబంధం ఉన్నాయన్నమాట.

గానుగ నిర్మాణం సులభంగానే కనిపిస్తుంది. రోలు, అందులో తిరిగే రోకలి, దానికి కట్టిన కాడి, కళ్లకు గంతలు కట్టిన ఎద్దు. అసలు నైపుణ్యం నువ్వుకు ఎంత నీరు చిలకరించాలి, చెక్క ఎప్పుడు విడిపోతుంది అన్న అంచనాలో ఉంది. నూనెగింజల చరిత్రకారుడు కె.టి. అచ్చయ్య హైదరాబాదులోని ప్రాంతీయ పరిశోధనశాలలో నూనెల శాస్త్రవేత్తగా దీర్ఘకాలం పనిచేసినవారు. గానుగ మీద ఆయన ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశారు. 1934లో ఏర్పడిన అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘం గానుగను కాపాడవలసిన వృత్తిగా గుర్తించింది; ఝవేర్‌భాయ్ పటేల్ వార్ధాలో మెరుగుపరచిన గానుగ ఆ కృషిలో భాగం. యంత్రపు మిల్లుల వేగం ముందు ఆ ప్రయత్నం నిలవలేదు. నువ్వులనూనె నిత్యవాడుక నుండి తొలగడానికి రుచి, వాసన మారడం ఒక కారణమైతే, దాన్ని ఊళ్లోనే తాజాగా ఆడించి ఇచ్చే మనిషి లేకపోవడం అంతకంటె పెద్ద కారణం. తలనూనె ఊరి వస్తువుగా ఉన్నంతకాలం దానికి ప్రకటన అక్కరలేదు. ఊరు దాటి వచ్చే నూనెకు పేరు, డబ్బా, బొమ్మ కావాలి.

మెట్టప్రాంతాల విషయం వేరు. నల్లగొండ, మహబూబ్‌నగర్ వంటి జిల్లాలలో ఆముదం విస్తారంగా పండే పంట. అక్కడ దీపానికీ, బండి ఇరుసుకూ, పసిపిల్లల మాడుకూ, ఆడవారి జడకూ అదే నూనె. గింజలను వేయించి, దంచి, నీటిలో ఉడికించి పైకి తేలిన నూనెను తీసే పద్ధతికి గానుగ కూడా అవసరం లేదు. ఇంటి ఆడవారే చేసుకునేవారు. ఆముదపు దీపానికి పట్టిన మసి కాటుకయ్యేది. అడవిప్రాంతాలలో ఇప్పగింజల నూనె ఈ పనులన్నీ చేసింది. చిక్కదనం, వాసన కారణంగా ఆముదం తరువాతి తరాలకు నామోషీ అయింది. 'ఆముదం తాగిన ముఖం' అన్న పలుకుబడి, ఏ చెట్టూ లేనిచోట దాన్ని మహావృక్షం చేసిన సామెత - రెండూ దాన్ని చిన్నచూపు చూసినవే. తలనూనె చరిత్రను 'అమ్మమ్మల కొబ్బరినూనె'గా చెప్పేటప్పుడు కనుమరుగయ్యేది ఈ మెట్ట ఆడవారి శ్రమ, జ్ఞానం.

4. తీరపు నూనె

కొబ్బరినూనెకు ప్రాచీనత లేదని దీనివల్ల తేలదు. దాని ప్రాచీనత తీరప్రాంతాలది. 14వ శతాబ్ది యాత్రికుడు ఇబ్న్ బతూతా కొబ్బరికాయ గురించి విపులంగా రాస్తూ, దాని నూనెతో దీపం వెలిగిస్తారనీ, రొట్టె అద్దుకుని తింటారనీ, స్త్రీలు జుట్టుకు రాసుకుంటారనీ నమోదు చేశాడు. తిండి, వెలుగు, తల - మూడు ఉపయోగాలు ఒకే వాక్యంలో చెప్పడం గమనించదగినది. ఆరున్నర శతాబ్దాల తరువాత భారత న్యాయస్థానాలను ఇబ్బందిపెట్టిన ప్రశ్నకు బీజం ఇక్కడే ఉంది.

కేరళ వైద్యసంప్రదాయం కొబ్బరినూనెను ఆధారద్రవ్యంగా స్వీకరించింది. నీలీభృంగాది వంటి కేశతైలాలు అక్కడ నువ్వులనూనెతోనూ, 'కేరం' పేరుతో కొబ్బరినూనెతోనూ రెండు విధాలుగా తయారవుతాయి. అదే భృంగరాజతైలం ఉత్తరాది పాఠాలలో తిలతైలంతోనే ఉంటుంది. మూలిక ఒకటే, ఏ నేల మీద కాస్తే ఆ నేల నూనెలో కలిసింది.

తెలుగుతీరంలో ఉద్దానం, కోనసీమ కొబ్బరికి పుట్టిళ్లు. 1852 నాటికి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గోదావరి డెల్టా వ్యవసాయాన్నే మార్చివేసింది. కాలువల వెంట, చేలగట్ల మీద, లంకల్లో కొబ్బరి విస్తరించింది. అంబాజీపేట దీనికి ప్రధాన విపణి. అయినా కోనసీమ వ్యాపారంలో పచ్చికాయ, కురిడీ ముందువరుసలో నిలిచాయి. నూనె ఎండుకొబ్బరి మిల్లుల వంతు. 1996 నవంబరు తుపాను కోనసీమలో, 2018 అక్టోబరు తిత్లీ ఉద్దానంలో నేలకూల్చిన చెట్ల సంగతి తెలిసినదే. నాటిన కొబ్బరిమొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది కనుక ఒక తుపాను ఒక తరం ఆదాయాన్ని తీసుకుపోతుంది. తలనూనె సీసా మీది పచ్చని చెట్టుబొమ్మలో ఈ సంగతి ఉండదు.

5. సబ్బు, డబ్బా, సీసా

తీరపు నూనెను దేశమంతటి నూనెగా మార్చింది పరిశ్రమ. మొదట సబ్బు. కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం. ఈ కారణంగా దానితో చేసిన సబ్బు ఉప్పునీటిలో సైతం నురుగునిస్తుంది. మద్రాసు ప్రభుత్వం ఫ్రెడరిక్ నికల్సన్ చొరవతో 1914లో కాలికట్‌లో సబ్బుల సంస్థను నెలకొల్పింది. 1917లో టాటా ఆయిల్ మిల్స్ కొచ్చి ప్రాంతంలో కొబ్బరి ఆధారంగా మొదలయింది. మలబారు తీరంలో ఎండుకొబ్బరి, మిల్లు, రేవు ఒకేచోట ఉన్నందువల్ల ఇది సాధ్యమైంది.

తలనూనెకు పేరుపెట్టి అమ్మే పద్ధతిని బాగా స్థిరపరచినది బెంగాల్. కలకత్తాలో హేమేంద్రమోహన్ బోస్ తన 'కుంతలీన్' తలనూనె పేరిట 1896లో కథలపోటీ పెట్టాడు. శాస్త్రవేత్త జగదీశ్ చంద్ర బోస్ రాసిన కథకు ఆ ఏడు బహుమతి వచ్చింది. కథలో ఆ నూనె ప్రసక్తి ఉండాలన్నది నియమం. ఆధునిక భారతీయ విజ్ఞానకల్పనకు తొలిమెట్టుగా లెక్కించే రచనల్లో ఒకటి ఒక తలనూనె ప్రచారం నుండి రావడం సాహిత్యవిద్యార్థులు తరచుగా దాటిపోయే విషయం. తెలుగులోనూ పత్రికకూ ఔషధవ్యాపారానికీ ఉన్న బంధం ఇలాంటిదే. 1893లో అమృతాంజనం, 1908లో ఆంధ్రపత్రిక కాశీనాథుని నాగేశ్వరరావు స్థాపించినవే. 'లోధ్ర' మందు అమ్మిన కేసరి కుటీరం నుండే కె.ఎన్. కేసరి 'గృహలక్ష్మి' పత్రిక వచ్చింది. స్త్రీల శరీరసంరక్షణ గురించిన ఆధునిక తెలుగు గద్యం చాలావరకు ఈ వాణిజ్యపు నీడలో పెరిగింది.

స్వాతంత్ర్యానంతరం బొంబాయి ఆయిల్ ఇండస్ట్రీస్ సంస్థ పారాషూట్ పేరుతో కొబ్బరినూనెను పెద్ద డబ్బాలలో టోకువర్తకులకు అమ్మేది. కిరాణాకొట్టులో డబ్బా నుండి కొలిచి పోసేవారు. 1980 దశకంలో రేకుడబ్బా స్థానంలో ప్లాస్టిక్ సీసా తేవాలనుకున్నప్పుడు ఎదురైన అడ్డంకి ఎలుకలు. పూర్వం నలుచదరపు సీసాలను ఎలుకలు కొరికిన అనుభవం వ్యాపారులకు ఉంది. పంటి పట్టు చిక్కని గుండ్రని సీసాతో ఆ సమస్య తీరిందని సంస్థ అధిపతి హర్ష్ మారివాలా తన 'హర్ష్ రియాలిటీస్'లో వివరించారు. నిజానికి ఈ గుండ్రని సీసాయే నల్లగొండ ఇంటి గూటిలోని ఆముదపు బుడ్డిని తప్పించింది. చిల్లరగా కొనగలిగే చిన్నసీసా, జిడ్డు కారని మూత, వాసన లేని తేలికదనం, బడికి పోయే ఆడపిల్లల రెండు జడలు - వీటి ముందు గానుగ గానీ ఆముదం గానీ నిలవడం కష్టం.

ఈ వలసకు ఒక భౌతిక సాక్ష్యం చలికాలంలో కనిపిస్తుంది. కొబ్బరినూనె సుమారు 24, 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకడుతుంది. మలబారు తీరపు వాతావరణంలో ఇది అరుదుగా ఎదురయ్యే ఇబ్బంది. తెలంగాణ మాఘమాసపు ఉదయాలలో సీసాను ఎండలోనో వేడినీటి చెంబులోనో పెట్టక తప్పదు. గడ్డకడితేనే అసలైన నూనె అన్న పరీక్ష కూడా ఇలా పుట్టినదే. పామ్ గింజపప్పు నూనె సైతం ఇంచుమించు అదే వేడిమి దగ్గర గడ్డకడుతుంది కనుక ఆ పరీక్షకు విలువ తక్కువ.

6. ఇంట కాచిన నూనె

గుంటగలగరాకు, మందారపూలు, కరివేపాకు, గోరింటాకు, ఉసిరి, మెంతులు వేసి కాచిన నూనె తెలుగు ఇళ్లలో పరిచితమే. శార్ఙ్గధరసంహిత చెప్పిన తైలపాకంలో కల్కం ఒక పాలు, స్నేహం నాలుగు పాళ్లు, ద్రవం పదహారు పాళ్లు. తైలం పక్వమయిందనడానికి నురుగు పైకి రావడం గుర్తు. నెయ్యికి నురుగు అణగడం గుర్తు. తీసిన ముద్దను నిప్పులో వేస్తే చిటపటలాడకూడదు, అంటే అందులో నీరు మిగలకూడదు. చిటపటలు ఆగేదాకా కాచమని ఇంటి పెద్దలు చెప్పే మాటకూ ఈ సూత్రానికీ తేడా లేదు. తడి మిగిలిన నూనె బూజుపడుతుంది.

పచ్చికొబ్బరి పాలు తీసి సన్నని సెగ మీద కాచే పద్ధతి వేరు. ముదురుకాయ కోరి, పాలు పిండి, నీరు ఇగిరేదాకా కాస్తే నూనె తేలి అడుగున గోధుమరంగు గసి మిగులుతుంది. పచ్చికొబ్బరిలో దాదాపు సగం నీరే. ఎండుకొబ్బరిలో తేమను ఆరు శాతం దగ్గరకు దించితే అరవై శాతానికి పైగా నూనె ఉంటుంది. అందుకే మిల్లుకు ఎండుకొబ్బరి, పసిబిడ్డకు పాలనూనె. సరిగా ఎండని కొబ్బరికి పట్టే బూజు విషతుల్యమైనది. ఎండబెట్టడంలోని శ్రద్ధ నాణ్యతకంటె ముందు ఆరోగ్యానికి సంబంధించినది. ఇళ్లలో సబ్బు చేసే కొత్త అలవాటులో లెక్క మరింత కచ్చితంగా ఉండాలి. కిలో కొబ్బరినూనె పూర్తిగా సబ్బుగా మారడానికి సుమారు 183 గ్రాముల కాస్టిక్ సోడా కావాలి. ఎక్కువైతే చర్మం కాలుతుంది.

ఆధునిక ప్రయోగఫలితాలను చదివేటప్పుడూ కొంత జాగ్రత్త అవసరం. 2003లో రెలే, మొహిలే ప్రచురించిన ప్రసిద్ధ పరిశోధన కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, ఖనిజతైలాలను పోల్చి, వెంట్రుక నుండి ప్రోటీన్ నష్టాన్ని తగ్గించినది కొబ్బరినూనె ఒక్కటేనని తేల్చింది. లారిక్ ఆమ్లపు చిన్న, నిటారైన అణుశృంఖల వెంట్రుకలోపలికి చొరబడగలగడం దీనికి వివరణ. పరిశోధకులు కొబ్బరినూనె అమ్మే సంస్థ ప్రయోగశాలవారు. అంతమాత్రాన ఫలితం తప్పు కానక్కరలేదు. అయితే ఆ పోలికలో నువ్వులనూనె లేదు, ఆముదం లేదు. 'మన పూర్వులకు తెలిసిన సంగతినే సైన్సు నిరూపించింది' అని ఈ పరిశోధనను ఉదహరించే తెలుగు రచనలు, ఆ పూర్వులలో ఎక్కువమంది వాడిన రెండు నూనెలూ అసలు పరీక్షకే రాలేదన్న విషయాన్ని గమనించవలసి ఉంది. చుండ్రుకు కొబ్బరినూనె మందన్న మాట కూడా ఇలాంటిదే. చుండ్రుతో ముడిపడిన శిలీంధ్రం నూనెలలోని సంతృప్త కొవ్వు ఆమ్లాల మీదే బతుకుతుంది.

7. తిండా, తలనూనెనా?

ఇబ్న్ బతూతా ఒకే ఊపిరిలో చెప్పిన ఉపయోగాలను విడదీయవలసిన అవసరం పన్నుల చట్టానికి వచ్చింది. కేంద్ర ఎక్సైజ్ పట్టికలో 1513 శీర్షిక కొబ్బరినూనెది, 3305 శీర్షిక కేశసంరక్షణ ద్రవ్యాలది. చిన్నసీసాలోని స్వచ్ఛమైన కొబ్బరినూనె దేనికి చెందుతుంది? 200 మిల్లీలీటర్ల లోపు సీసాలను తలనూనెగా పరిగణించాలని 2009లో ఎక్సైజ్ బోర్డు సర్క్యులర్ ఇచ్చింది, 2015లో ఉపసంహరించుకున్నది. 2018లో సర్వోన్నత న్యాయస్థానం ఇద్దరు న్యాయమూర్తులు భిన్నాభిప్రాయాలు ప్రకటించారు. చివరికి 2024 డిసెంబరు 18న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం మదన్ ఆగ్రో ఇండస్ట్రీస్ కేసులో, తినే నూనెగా అమ్మే స్వచ్ఛమైన కొబ్బరినూనె సీసా చిన్నదైనంత మాత్రాన తలనూనె కాదని తీర్పిచ్చింది. కొనేవారిలో కొందరు తలకు రాసుకున్నా వర్గీకరణ మారదు; కేశద్రవ్యంగా అమ్ముతున్నట్లు ప్యాకింగే చెప్పాలి.

తెలుగుపాఠకునికి ఈ తీర్పులో ఆసక్తి కలిగించేది వాదనల నేపథ్యం. తీరపు కేరళలో ఈ నూనెతో వంట సహజం. తెలుగునాట ఎక్కువ ప్రాంతాలలో కొబ్బరినూనెతో కూర వండటమంటే నవ్వుతారు; సీసా మీద ఏమి రాసి ఉన్నా అది చేరేది అద్దం ముందుకే. చట్టం దేశమంతటికీ ఒకటే అయినా వస్తువుకు ఉన్న అర్థం ప్రాంతానికొకటి. సరకులు, సేవల పన్నులో తినే నూనెకు 5 శాతం, తలనూనెకు 18 శాతం ఉన్నంతకాలం ఈ భేదం విలువ డబ్బులో కనిపించేది. 2025 సెప్టెంబరు 22 నుండి తలనూనె కూడా 5 శాతం వర్గంలోకి రావడంతో ఆ తగాదాకు పదును పోయింది.

ఇదే కాలంలో నువ్వులనూనెకు మరో మార్పు జరిగింది. కిరాణాకొట్లలో అది అధికంగా అమ్ముడయ్యే రూపాలలో ఒకటి 'దీపారాధన నూనె'. మలయాళంలో వెలుగు పేరున్న నూనె తెలుగువారి తల మీదికి వచ్చింది. తెలుగులో నూనె అన్న మాటకే పేరిచ్చిన నువ్వు ప్రమిదలోకి వెళ్లింది. నరకచతుర్దశి తెల్లవారుజామున మాత్రం చాలా ఇళ్లలో ఆ దీపపు సీసా పక్కనే మరో చిన్న గిన్నెలో, గోరువెచ్చగా, తలంటుకు సిద్ధంగా నువ్వులనూనె ఉంటుంది.